పక్కలో పిల్లి

ప్రమీలమ్మకు రోత ఎక్కువ. ఇది చాటున అనే మాటేమీ కాదు, ఎదురుగానే అంటారు, ఆమె కూడా ఒప్పుకుంటుంది. పెళ్ళి పంక్తిలో పక్క విస్తరి మనిషి చెయ్యి నాకితే ఆమె సగం అన్నంలో లేచిపోతుంది. బస్సు సీటుకు ఎవరి తలనూనె మరకో అంటి ఉంటే మదనపల్లె నుంచి పుంగనూరు దాకా వీపు ఆనించకుండా కర్రలా కూర్చుంటుంది. ఎవరింట్లోనైనా పిల్లి కనబడిందా, ఆ ఇంట్లో కాఫీ ముట్టదు. ఈ గ్లాసు అంచు పిల్లి నాకలేదని ప్రమాణం చేయగలరా అని ఇంటావిడను నిలదీస్తుంది. ఎవరు చేయగలరు?

అలాంటి మనిషిని దేవుడు ఏరికోరి పట్టుపురుగులు పెంచే ఇంట్లో పడేశాడు.

ఆమె పుట్టిల్లు మదనపల్లె. నాన్నకు కురబలకోట దగ్గర పొలముంది గానీ పిల్లల చదువులకని టౌన్లో ఇల్లు కట్టాడు. ఆ ఇంట్లో పక్కబట్టలంటే దేవుడి గూటి తర్వాత అంతటివి. కాళ్ళు కడగకుండా మంచం ఎక్కకూడదు. మంచం మీద కూర్చుని మరమరాలు కూడా తినకూడదు. శుక్రవారం వస్తే దుప్పట్లు ఉడకబెట్టి, మిద్దె మీద ఆరేసి, సాయంత్రం ఎండ వాసనతో మడతపెట్టేవాళ్ళు. పాలగేదె, కాపలా కుక్క ఉండేవి, కానీ అవి పెరటి గోడకు అవతల. వాటికి ఇంటిలోపల ఎలా ఉంటుందో తెలియదు, ఇంట్లోవాళ్ళకు వాటి వాసన తెలియదు.

తొంభై నాలుగులో ఆమెను పుంగనూరు పక్క పల్లెలో మునికృష్ణకు ఇచ్చారు. పిల్లవాడు మంచివాడు, తాగడు, రెండెకరాల మల్బరీ తోట, అత్త రత్నమ్మ ఒక్కతే, ఆడపడుచు అన్నపూర్ణమ్మ కుప్పంలో కాపురం చేసుకుంటోంది. ఇంతకంటే ఏం కావాలి అన్నారు పెద్దలు. ఆ ఇంట్లో తలుపున్న గది ఒక్కటేనని, ఆ గది పురుగులదని వాళ్ళెవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతని వాళ్ళకు తోచి ఉండదు.

పట్టు కట్టుకునేవాళ్ళకు అందం, పెంచేవాళ్ళకు వెట్టి. గదినిండా స్టాండ్లు, స్టాండ్ల నిండా తట్టలు, తట్టల నిండా పురుగులు. వేలెడు పొడుగు, తెల్లగా, మెత్తగా, ముట్టుకుంటే చచ్చినవాడి చెవిలా చల్లగా. పగలూ రాత్రీ నములుతూనే ఉంటాయి, నమిలినంతా కిందికి వదులుతూనే ఉంటాయి. వాడిన ఆకు, పురుగుల రెట్ట, తడి గోనెపట్టలు, అన్నీ కలిసిన ఒక పచ్చి కంపు ఇల్లంతా పరుచుకుని ఉంటుంది. కొత్త కోడలు మొదటి నెలంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే అన్నం వండింది. తట్టల్లో చెయ్యి పెట్టమంటే పెట్టలేదు. ఆకు తరగడం, తడిపట్టలు కప్పడం వరకే తనదని చెప్పకుండానే చెప్పేసింది. రత్నమ్మ బలవంతం చేయలేదు.

పురుగుల గదికి ఉన్నన్ని చట్టాలు పోలీసు స్టేషన్‌కు కూడా ఉండవు. బయటివాళ్ళు లోపలికి పోకూడదు. తలలో మల్లెపూలు ఉంటే పోకూడదు. బీడీ తాగిన చేత్తో ఆకు ముట్టకూడదు. గడప దగ్గర బేసిన్లో బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళు, ఇంటి యజమాని అయినా సరే అందులో కాళ్ళు ముంచి పోవాలి. తోటల్లో కొట్టే మందు వాసన తగిలినా పురుగు బతకదు, అందుకే టమోటాలకు మందు కొట్టి వచ్చినవాడిని ఆ వీధిలో గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

ఈ చట్టాలేవీ పిల్లికి లేవు.

అది బూడిదరంగు ఆడపిల్లి. రత్నమ్మ దాన్ని సిన్నమ్మి అని పిలిచేది, కూతురిని పిలిచినట్టు. పురుగుల ఇంటికి ఎలకలు పిలిచినట్టు వస్తాయి, కొవ్విన పురుగు వాటికి పెళ్ళిభోజనం. అందుకని పిల్లి ఆ గదిలోకి ఎప్పుడంటే అప్పుడు పోతుంది, స్టాండ్ల కింద తిరుగుతుంది, ఎండ ఎక్కితే ఆకు కుప్ప మీద కప్పిన తడి గోనెపట్ట మీద కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. చల్లగా ఉంటుంది కదా. ఆ ఇంట్లో అందరికంటే సుఖపడింది అదే.

గదిలో పిల్లి ఉంటే ప్రమీలకు పోయేదేమీ లేదు. చిక్కు వచ్చింది పక్క దగ్గర. పుట్టింటివాళ్ళు పెట్టిన టేకు మంచం నడిమింట్లో వేశారు, అడ్డంగా ఒక పాత చీర కట్టారు. చీర అవతల రత్నమ్మ చాప, బొంత. పిల్లి ముందు రత్నమ్మ బొంతలో దూరి, కాసేపటికి చీర కింద నుంచి ఇవతలికి వచ్చి, మంచం ఎక్కి, మొగుడూ పెళ్ళాల మధ్య సాపుగా పడుకునేది. మధ్యాహ్నం ఏ దిబ్బలో తిరిగిందో, ఏ బొరియలో మూతి పెట్టిందో ఆ ఒళ్ళు. ఆ నాలుకతోనే తన వెనక భాగం శుభ్రం చేసుకుని, ఆ నాలుకతోనే ప్రమీల మోచెయ్యి నాకేది. గరుకు కాగితం తడిపి రుద్దినట్టుండేది. దిండు మీద వెంట్రుకలు, నోట్లో వెంట్రుకలు, పాలగ్లాసులో వెంట్రుకలు. ఒకసారి పక్క మధ్యలో గడ్డీ గాదమూ కలిపి కక్కింది. మునికృష్ణ నిద్ర కళ్ళతో దాన్ని దుప్పటి కొసతో తుడిచి, ఆ కొసను కాళ్ళవైపు తిప్పేసి, మళ్ళీ పడుకున్నాడు. ఆ దుప్పటినే. ప్రమీల తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చుంది.

పిల్లి పక్కలోనే యాల పండుకోవల్ల అని ఆమె మొగుడిని అడిగింది. అతను నవ్వి ఎడమ చెవి చూపించాడు. చెవి తమ్మెలో చిన్న ముక్క లేదు. పాలు తాగే పిల్లవాడుగా ఉన్నప్పుడు ఎలక కొరికిందట. ఆ రోజు నుంచి రత్నమ్మ పక్కలో పిల్లి లేకుండా ఆ ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వలేదు. పాత కాలం మాటలు, ఇప్పుడు మనమేమన్నా పాలు తాగే పిల్లలమా అంది ప్రమీల. పిల్లికి అదంతా ఏం తెలుస్తుంది, అలవాటైపోయింది, పడుకోనీలే అన్నాడు అతను. మగవాళ్ళకు తేలిక. వాళ్ళ ఒళ్ళు దేన్నైనా భరిస్తుంది.

అత్తతో మాత్రం ఆమె ఒక్క మాట అనలేదు. కొత్త కోడలు నోరు విప్పితే పుట్టింటికి చెడ్డపేరు వస్తుందని తల్లి చెప్పి పంపింది. మింగలేక కక్కలేక ఆ రోతనంతా లోపలే పెట్టుకుంది. పెట్టుకున్న రోత ఊరికే ఉంటుందా, లోపల పులుస్తుంది.

తొంభై ఆరు వానాకాలం ఒక ఉదయం ఆమె దిండు పక్కన చెయ్యి పెట్టింది. తడిగా, గుండ్రంగా ఏదో తగిలింది. ఎలక తల. మీసాలతో సహా. మిగతాది పిల్లి కడుపులో ఉంది, తల మాత్రం కోడలికి వదిలిపెట్టింది. రత్నమ్మ వచ్చి చూసి మురిసిపోయింది. మనిషి మీద ప్రేముంటేనే అట్ల తెచ్చి పెడుతుందని, ఇన్నేళ్ళలో తనకు కూడా ఎప్పుడూ తేలేదని అంది. ప్రమీల ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేకపోయింది.

ఆ సాయంత్రమే ఆమె మునికృష్ణను తోటలోకి పిలిచి తేల్చి చెప్పింది. పురుగులకు తోటలో వేరే షెడ్డు వేయాలి. ఇంట్లో ఆ గది తనకు కావాలి. గది అంటే నాలుగు గోడలు కాదు, మూసుకునే తలుపు. ఆ తలుపు లోపల తన మంచం, తన దుప్పటి, తన మొగుడు. తలుపు బయట ఏది ఉన్నా తనకు అక్కర లేదు. అది జరగదంటే తను మదనపల్లె బస్సు ఎక్కుతుంది, మళ్ళీ దిగదు. మునికృష్ణ ఆలోచించాడు. కార్తీకంలో పంట పెద్దది పెడుతున్నాం, ఆ పట్టుగూళ్ళు మదనపల్లె మార్కెట్లో దిగితే ఇక్కడ షెడ్డుకు ఇటుకలు దిగుతాయి అన్నాడు. మాట ఇచ్చాడు.

ఆ మాట మీద ప్రమీల చేసిన పని ఊరంతా చూసింది. తెల్లవారుజామున లేచి ఆకు కోసింది, మోసింది, తరిగింది. పురుగులు తోలు విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటాయి, దాన్ని అక్కడ జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, మూడు, నాలుగు, అన్నీ ఒక్క పురుగు చెడకుండా దాటాయి. నాలుగో జ్వరం లేచాక పురుగు వారం రోజులు రాక్షసంగా తింటుంది, ఆ తర్వాత గూడు కడుతుంది. ఇంతటి పంట తన చేతిమీదుగా ఎప్పుడూ చూడలేదని రత్నమ్మ కూడా అంది.

అంతకు ముందు, పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నప్పుడు మేత పని ఉండదు గనక, ప్రమీల ఒక పూట పుట్టింటికి పోయి వచ్చింది. నడుము చుట్టూ, మడమల దగ్గర ఎర్రగా దద్దుర్లు చూసి తల్లి తామర అనుకుంది. తామర కాదమ్మా, పిల్లి పేలు అని కూతురు చెప్పేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి రెండడుగులు వెనక్కి వేసింది. తరవాత పెరట్లోకి పోయి, గేదెకు పేలు పడితే పూసే తెల్లపొడి కాస్త పొట్లం కట్టి ఇచ్చింది. పిల్లికి రుద్ది ఒక పూట కట్టేస్తే పేలన్నీ రాలిపోతాయని చెప్పింది.

మందు తగిలితే పురుగు చస్తుందని ప్రమీలకు తెలియక కాదు. ఆ ఇంట్లో రెండేళ్ళు ఉన్న మనిషి. తెలుసు గనకే పొట్లం ఇంట్లోకి తేలేదు, పెరట్లో రాళ్ళ సందున దాచింది. పురుగులు జ్వరం లేచి మేత పట్టాక ఒకరోజు, అత్త తోటలో ఉన్నప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, పిల్లిని మెడ పట్టి అదిమి, వెన్ను మీద, కడుపు కింద, తోక మొదట్లో బాగా రుద్దింది. కవరు కాల్చేసింది. చేతులు సబ్బుతో మూడుసార్లు తోముకుంది, తలస్నానం చేసింది, చీర మార్చింది. అన్ని జాగ్రత్తలూ తనకే. పిల్లిని జామచెట్టుకు కట్టి, వంట చేయడానికి లోపలికి పోయింది. పేలు ఒక్కొక్కటే రాలుతున్నట్టు ఊహించుకుంటే ఆమెకు ఎన్నో రోజుల తర్వాత ఆకలి వేసింది.

పిల్లిని తాడుతో కట్టేసి ఉంచిన వాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారా? అది మెలికలు తిరిగి మెడ తప్పించుకుని, ఒళ్ళు మంటకు ఎక్కడ చల్లగా ఉంటుందో అక్కడికి పోయింది. ఆకు కుప్ప మీద తడి గోనెపట్ట పక్కకు తోసుకుని, పచ్చి ఆకుల్లోనే పొర్లింది, ఒళ్ళు విదిలించుకుంది. ఎవరూ చూడలేదు. చూసినా ఏమీ అనుకోరు, అది దాని చోటే. ఆ ఆకే ఆ పూట అన్ని తట్టలకూ మేతగా వేశారు. వేసింది రత్నమ్మ.

మరునాటి పొద్దుకు గదిలో నమిలే చప్పుడు ఆగిపోయింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని మెలికలు తిరుగుతున్నాయి. నోటి నుంచి పచ్చటి రసం కక్కుతున్నాయి, ఒక దాని కక్కులో ఒకటి పొర్లుతున్నాయి. మధ్యాహ్నానికి వేలెడు పురుగులు సగానికి ముడుచుకుపోయాయి. సాయంత్రానికి తట్టల నిండా నల్లబడిన మెత్తటి ముద్ద. ఆ వాసన చెప్పే పని లేదు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

మునికృష్ణ పిచ్చివాడిలా తోటలోకి పరిగెత్తాడు. గట్టు అవతల కొండప్ప టమోటా తోట. నువ్వు మందు కొట్టినావు, గాలికి మా ఆకు మీద పడింది అని కొండప్ప గొంతు పట్టుకోబోయాడు. ఈ వారంలో మందు ముట్టలేదని కొండప్ప ఒట్టు పెట్టుకుంటున్నా వినిపించుకోలేదు. ఆ కేకలు ఇంట్లోకి వినబడుతున్నాయి. ప్రమీల వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది. కొండప్ప కాదని ఆమెకు తెలుసు.

అప్పుడే పిల్లి పెరట్లో నుంచి వచ్చింది. నడక తూలుతోంది, నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్ళు ఉండుండి అదురుతోంది. రత్నమ్మ దాన్ని ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంది. వెన్ను నిమిరిన చెయ్యి తెల్లగా అయింది. ఆమె ఆ చెయ్యి వాసన చూసింది. తరవాత గదిలోకి పోయి గోనెపట్ట ఎత్తి వాసన చూసింది. తరవాత కోడలి వైపు చూసింది.

వీధి గుమ్మంలోకి పోయి కొడుకును కేకేసింది. కొండప్పను వదిలెయ్, తప్పు మన ఇంట్లోదే, నేనే సూసుకోలేదు అంది. ఎవరు చేశారని ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

లోపలికి వచ్చి పిల్లిని సీకాయ నీళ్ళతో కడిగింది. కడుగుతూ తల ఎత్తకుండా అంది.

"నీకు అంత రోతగా ఉండాదని నాతో ఒక్క మాట సెప్పింటే, దీన్ని నేనే బయటేసిందును కదమ్మా. నువ్వు ఈ ఇంటికొచ్చిన మనిషివి. అది పిల్లి."

తిడితే ప్రమీల తట్టుకునేది. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినా తట్టుకునేది, మదనపల్లె బస్సు ఎటూ ఉంది. రెండేళ్ళు మింగిన రోత, ఒక్క మాట ఖరీదు చేయలేదా? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, పేలున్నాయని పంట తగలబెట్టింది. ఆమెకు అంతవరకు లోకంలో ఎన్నింటి మీదో రోత పుట్టింది, తన మీద తనకు పుట్టడం అదే మొదటిసారి.

చచ్చిన పురుగులను అలాగే వదిలేస్తే గదికి తెగులు పడుతుంది, ఎత్తి గోతిలో సున్నం వేసి పూడ్చాలి. ఆ పని ప్రమీల చేసింది. తట్టలో చెయ్యి పెట్టని మనిషి రెండు చేతులూ మణికట్ల దాకా ఆ ముద్దలో ముంచి గంపలకెత్తింది. వేళ్ళ మధ్య నుంచి జారుతుంటే కడుపు నోట్లోకి వచ్చింది. మింగి మళ్ళీ ఎత్తింది. పిల్లి మర్నాడు చచ్చిపోయింది. అదీ ఆ గోతిలోకే పోయింది.

షెడ్డు లేదు, గది లేదు. కానీ పక్క మాత్రం శుభ్రమైంది. ఇంకో పిల్లి ఈ ఇంటికి రాదని రత్నమ్మ చెప్పేసింది, ఎలకల మందు కూడా రాదంది. ప్రమీల శుక్రవారం శుక్రవారం దుప్పట్లు ఉడకబెట్టింది. దిండు మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా పడుకుంటే ఒళ్ళంతా జిలపుట్టేది. లేచి దీపం పెట్టి వెతికితే ఏమీ ఉండేది కాదు.

మరుసటి సంవత్సరం ఆమెకు ఆడపిల్ల పుట్టింది, రమ్యశ్రీ అని పేరు పెట్టారు. కాన్పుకు మదనపల్లె పోయి, ఐదో నెలలో బిడ్డతో తిరిగి వచ్చింది. అప్పటికి ఇల్లు ఎలకల రాజ్యమైపోయింది. మునికృష్ణ పెట్టిన బోనులో రెండు పడితే ఇరవై బయట తిరుగుతున్నాయి. దూలాల మీద ఉరుకుతున్నాయి, బియ్యం బస్తాలో పిల్లలు పెట్టాయి. రత్నమ్మ చాప మీద పడుకోవడం మానేసి ఉయ్యాల పక్కన కట్టె పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పగలు ఆకు మోస్తూ తూలేది. కోడలితో మాత్రం ఏమీ అనలేదు. ఈసారి నోరు మూసుకోవడం అత్త వంతు అయింది.

ఒకరోజు ప్రమీల బిడ్డను ఎత్తుకుని ఉయ్యాల బట్ట దులిపింది. నల్లటి రెట్టలు నాలుగు రాలాయి. బిడ్డ పాలు కక్కిన మూల బట్టను ఎలక కొరికి ఉంది, సరిగ్గా చెంప ఆనే చోట. బిడ్డను అత్త చేతిలో పెట్టి, ఎక్కడికని చెప్పకుండా కుప్పం బస్సు ఎక్కింది. అన్నపూర్ణమ్మ ఇంటి చుట్టూ పిల్లులు తిరుగుతుంటాయని ఆ ఇంటికి రెండేళ్ళుగా పోవడమే మానేసిన మనిషి, పోయి వాటిలో వేట నేర్చిన పిల్లిని ఒకదాన్ని అడిగి తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లి ప్లాస్టిక్ బుట్టలో ఉంది, పైన గుడ్డ కట్టింది. పలమనేరు దాటేలోపు అది బుట్టలోనే అన్నీ చేసుకుంది. బుట్ట కన్నాల నుంచి ఆమె ఒళ్ళోకి కారింది. పక్క సీటావిడ ముక్కు మూసుకుని లేచి వెనక్కి పోయింది. లేచిపోయే మనిషి ఎప్పుడూ తనే. ఇప్పుడు తను పోవడానికి చోటు లేదు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరి బుట్టను నడిమింట్లో దించింది. రత్నమ్మ బిడ్డను భుజాన వేసుకుని వచ్చి చూసింది. లోపల పిల్లి తన ఒళ్ళు తానే నాకుకుంటోంది. అత్త ఆ పిల్లిని చూసి, కోడలి చీర మీది మరక చూసి, నెమ్మదిగా అడిగింది.

"ఇది యాడ పండుకోవల్లమ్మా?"

"నాకు రోతగా ఉండాది అత్తా," అంది ప్రమీల. "సచ్చేదాకా రోతగానే ఉంటాది. పాప పక్కలోనే పండుకోనీ."

ఆ మాట అని, తనే గుడ్డ విప్పి, మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టి ఎత్తి పిల్లిని తన మంచం మీద, ఉడకబెట్టి పరిచిన తెల్ల దుప్పటి మీద వదిలింది. అది నాలుగు కాళ్ళతోనూ దుప్పటి తొక్కి చూసి, చుట్టచుట్టుకుని పడుకుంది. ప్రమీల పెరట్లోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, పేగులు బయటికి వచ్చేంతగా కక్కుకుంది. రత్నమ్మ బిడ్డను ఒక భుజాన వేసుకునే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, అవి తాగేదాకా కోడలి వీపు రాస్తూ నిలబడింది.